గడ్డి కూరిన పిల్ల

జూన్ 27, 2021
నాకు చదువు రాదు. నేను చెబుతాను, కోడలు మర్జాన్ రాస్తుంది. ఒక్క మాట దిద్దినా ఊరుకోనన్నాను. దిద్దే ఓపిక ఎక్కడిదత్తా ఈ ఎండలో, అంది.

మా మాంగిస్తావు ఎడారి సీమలో ఈ ఏడు చినుకు లేదు. మా మందలో మిగిలింది ఎర్రగుర్రం, దాని పిల్ల. తల్లిని కొయ్యమని ఊరంతా అంటోంది. ప్రాణం ఉండగా కోస్తేనే మాంసం తినొచ్చు, దానంతటది చస్తే కుక్కలకే. పక్కింటి సెయిత్‌ఖాన్ గుమ్మంలోకి వచ్చి మరీ అన్నాడు: వదినా, కొయ్యవు, మమ్మల్ని తిననివ్వవు, పెళ్లి చేస్తావా ఏంటి దానికి? చేస్తాను, నీకంటే మంచివాడు దొరికితే, అన్నాను.

ఎర్రది పోతే మా ఆయన వదిలిపోయిన మంద అక్కడితో సరి. కొయ్యనివ్వను. నా వాదం అదే.

జూలై 3
ఎండిన ఉప్పునేల మీంచి దుమ్ముగాలి లేచింది. పట్టపగలు నా చెయ్యి నాకు కనబడలేదు.

జూలై 4
పిల్ల చచ్చిపోయింది. ముక్కుల నిండా మట్టి. తల్లి మమ్మల్ని దగ్గరికి రానివ్వలేదు.

జూలై 6
ఉత్తరాన గడ్డి ఉందని నా కొడుకు ఎర్సైన్ ట్రక్ మాట్లాడాడు. కానీ గుర్రం పుట్టినచోటు మరవదు, ఎంత దూరమైనా నడిచి వచ్చేస్తుంది. ఇక్కడికొస్తే చావే. పిల్లను కట్టేసిన చోటైతే వదిలిపోదు. ఆ పిల్ల లేదు.

తోలు ఒలిచి గడ్డి కూరమన్నాను. దూడ చస్తే తల్లి పాలు చేపడానికి మా అత్త అలాగే చేసేది. ఇంట్లో మిగిలిన ఎండుగడ్డంతా అందులోకే పోయింది. మర్జాన్ కుడుతూ ఏడ్చింది. కళ్లు తుడుచుకో, కుట్టు వంకర పోతోంది, అన్నాను.

ఎర్రది వాసన చూసింది. నాకింది. బొమ్మ వెంటే ట్రక్ ఎక్కింది. సెయిత్‌ఖాన్ కూడా నవ్వలేదు.

జూలై 11
ఎర్సైన్ ఫోన్ చేశాడు. బొమ్మను గుంజకు కట్టాడట. ఎర్రది దాని పక్కనే ఉందట. గెలిచాను.

జూలై 19
మళ్లీ ఫోన్. మందలన్నీ అక్కడికే తోలారట, గడ్డి అయిపోయిందట. పొద్దున లేచి చూస్తే ఎర్రది బొమ్మ పొట్ట కుట్లు కొరుకుతోందట. లోపలి గడ్డి లాగి తింటోంది. తింటున్నంతసేపూ పిల్లను పిలుస్తూనే ఉందమ్మా, అన్నాడు.

ఇది రాయనా వద్దా అని మర్జాన్ అడిగింది. రాయి. ఆకలేసింది, తింది. తోలు ఖాళీ అయ్యాక ఇటువైపు నడక మొదలెట్టిందట. పట్టుకోబోతే కరిచిందట.

జూలై 30
ఎర్రది వచ్చింది. వాకిట్లో కూలబడింది. వెనకే వచ్చిన ఎర్సైన్ కత్తి కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు. ఊపిరి ఉంది, తొందరగా, అని సెయిత్‌ఖాన్ అరుస్తున్నాడు.

కత్తి మీద నేను కూర్చుని ఉన్నాను. మర్జాన్ చూసింది. రాస్తోంది, వాళ్లకు చెప్పడం లేదు.