అద్దం ఆఖర్న ఇస్తాం

చిరంజీవి చిట్టికి అక్క దీవెనలు.

ఇక్కడ మీ బావా నేనూ క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను అని రాయడం మన ఇంటి అలవాటు. ఈసారి తలచను. ఎలా ఉన్నావో అలాగే రాయి.

మీ బావ మోకాలి సంగతి అడిగావు. నొప్పీ ఉంది, నడకా ఉంది. రెండూ ఒకదాన్నొకటి పట్టించుకోవడం మానేశాయి. నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "చిట్టి సగం నోటితో మాట్లాడినా నాకు సందు దొరకదు" అన్నారు. కోపం తెచ్చుకోకు. ఆ తర్వాత పేపరు చేతిలో పట్టుకుని, పేజీ తిప్పకుండా చాలాసేపు కూర్చున్నారు.

మీ కౌన్సెలర్ గురించి రాశావు. ఆవిడ సలహాలేవీ చెప్పదు, నువ్వన్న మాటే మళ్లీ నీకు అప్పజెబుతుంది, ఆమాత్రం గోడ చెయ్యదా అన్నావు. గోడ నీకేసి చూస్తూ కూర్చోదు కదా. ఉన్న నిన్ను ఒక కాగితం మీద, ఉండాలనుకునే నిన్ను ఇంకో కాగితం మీద రాయమందట. రెంటికీ మధ్య ఎంత ఎడముంటే మనిషికి అంత బాధ అందట. నిజమేనా అని అడిగావు. మనస్తత్వశాస్త్రం నాకు తెలియదు. నాకు తెలిసింది కట్టుడు పళ్లు. మా ల్యాబులో జరిగింది చెబుతాను, చూసుకో.

దానికంటే ముందు నీ రాజీనామా. ముఖం ఎడమపక్క జారిపోయింది, తిరిగి రావలసినంత వచ్చేసింది ఇక ఇంతే అని డాక్టరు చెప్పేశాడు, పిల్లల ముందు నిలబడలేను అని రాశావు. పక్కింటి పాప "టీచర్, మీ నవ్వు ఒక పక్కకే వస్తుందేం?" అంటే తలుపు వేసేశానన్నావు. బడి తెరిచేలోగా పంపాలని కాగితం సిద్ధం చేసి, "నువ్వు సరేనంటే పంపేస్తాను" అని ఉత్తరానికి జతచేశావు. చిన్నప్పుడు నీ పాపిడి ఎటు తీయాలో కూడా నేనే చెప్పేదాన్ని కనుక అడిగావు.

పళ్ల సెట్టు గట్టిపరిచే ముందు పళ్లను మైనంలో నిలబెట్టి, మనిషి నోట్లో పెట్టి చూస్తాం. మార్చాలంటే అప్పుడే మార్చాలి. అద్దం మాత్రం ఆఖర్న ఇస్తాం. ముందు ఏదో ఒకటి అడిగి మాట్లాడిస్తాం, నవ్విస్తాం. ముందే అద్దం చేతికిస్తే మనిషి బిగుసుకుపోతాడు. తనను వదిలేసి పళ్లను చూసుకుంటాడు.

ఈమధ్య రిటైరయిన బస్సు కండక్టరు ఒకాయన వచ్చాడు. ఆయన సొంత పళ్లు తీసేయక ముందు డాక్టరుగారు తీసిన అచ్చు నా దగ్గరుంది. పైవరసలో ముందు రెండు పళ్ల మధ్య పెద్ద సందు. నేను ఆ సందు మూసేసి, వరస చక్కగా పేర్చాను. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. కనిపించిన లోపాన్ని దిద్దడం నా చేతికి అలవాటు. డాక్టరుగారు కూడా బాగా కుదిరిందన్నారు.

కబుర్లయ్యాక ఆయనకు అద్దం ఇచ్చాను. అటూ ఇటూ తిరిగి చూసుకుని, అద్దం నా చేతిలో పెట్టి, "చాలా బాగున్నాయమ్మా. ఎవరివి?" అన్నాడు.

గుమ్మం పక్క కుర్చీలో ఆయన భార్య కూర్చుని ఉంది. "ఈయనెవరో గానీ చక్కగానే ఉన్నాడు. మా ఆయన్ని కూడా పంపించేస్తే ఇంటికెళ్తాం" అంది.

"నేను బస్సులాపింది ఆ సందులోంచేనమ్మా," అన్నాడాయన. "డిపో వాళ్లిచ్చిన విజిలు ఇప్పటికీ కొత్తదిలాగే ఉంది."

"కొత్తలో చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు," అందావిడ. "ఆ చెయ్యి దించడానికి నాకు ఏళ్లు పట్టింది. మీరేమో ఒక్క పూటలో పూడ్చేశారు."

నేను కత్తి వేడిచేసి, మైనం మెత్తబరిచి, ఆ రెండు పళ్లనూ మళ్లీ ఎడం చేశాను. ఈసారి ఆయన అద్దం అడగలేదు. ఈల వేసి చూసుకున్నాడు.

మీ కౌన్సెలర్ చెప్పింది నిజమే అయి ఉంటుంది. ఆ కండక్టరు రెండో కాగితం ఆయన్ని అడక్కుండా నేనే రాసేశాను. నీ రెండో కాగితం ఎవరు రాశారో కూడా చూసుకో. అందులో నా దస్తూరీ ఉంటుంది.

ఎందుకంటున్నానో చెప్పాలి. ముఖం జారాక నువ్వు పంపిన ఫోటో అందినప్పుడు దాన్ని ల్యాబుకి తీసుకెళ్లి, బల్ల మీద పెట్టి, స్కేలు ఆనించి, నోటి మూల ఎంత జారిందో కొలిచాను. చెల్లెల్ని చూసినట్టు చూడలేదు, పనిని చూసినట్టు చూశాను. ప్రార్థనలోనూ అంతే. దాని ముఖం దానికి తిరిగి ఇచ్చెయ్యి అని రోజూ అడిగేదాన్ని. కండక్టరు వెళ్లిన సాయంత్రం కళ్లు మూసుకుంటే ఆ మాట నోటికి రాలేదు. నీ ముఖం నీ దగ్గరే ఉంది కదా అనిపించింది. ఆ కోరిక మానేశాను. నువ్వు ఆ ప్రార్థన మీద ఆశ పెట్టుకున్నావని తెలుసు. తెలిసే మానేశాను. అందుకే ఈ మాట దగ్గరికి రావడానికి ఇంత కాగితం పట్టింది.

నీ రాజీనామా ఇందులోనే తిరిగి పంపుతున్నాను. సరేనని రాయలేదు, వద్దనీ రాయలేదు. ఇది నా చేతిలో పని కాదు. ఒక్కటి మాత్రం అడుగుతాను. తలుపు వెయ్యకపోయి ఉంటే ఆ పాపకి ఏం చెప్పేదానివి? అద్దం జోలికి పోకుండా కూర్చుని, ముందు దానికి జవాబు రాయి. ఆ తర్వాత ఈ కాగితం పంపినా సరే, చింపినా సరే.

ఏది చేసినా నా ప్రార్థన మారదు. ఇప్పుడది చాలా చిన్నదైపోయింది. చిట్టి అంటాను. ఆ తర్వాత ఏమీ అడగకుండా కాసేపు కూర్చుంటాను.

ఇట్లు,
నీ పెద్దక్క