కొత్తది ముట్టియ్యొద్దు

19 నవంబరు 1961, ఆదివారం

వాడు ఇవాళ నా గాజు పట్టుకున్నాడు. పాలు తాగుతూ చెయ్యి ఊరికే గాలిలో ఆడిస్తున్నాడు, గాజు తగిలింది, పట్టుకున్నాడు. మూడు నెలలు నిండాక పిల్లలు ఇలాగే చేస్తారు. విశేషమేమీ కాదు. రాసుకునేంత సంగతి కూడా కాదు. అయినా రాశాను.

అత్తమ్మ చూసింది. "వానికి ఆట యాదికొచ్చింది. ఇగ ఏమన్న చేతికియ్యాలె" అంది. మళ్లీ తనే — "కొత్తది మాత్రం ముట్టియ్యొద్దు."

ఆమె లెక్క ఆమెది. నాకు మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. రెండోవాడు అయిదో నెలలో పోయాడు. అలా పోయాక పుట్టినవాడు మనవాడని దేవుడికి తెలియకూడదట. ఎవరి దగ్గరో అడుక్కొచ్చిన పిల్లవాడిలా పెరగాలి. ఏడాది నిండేదాకా కొత్త బట్ట లేదు, కొత్త వస్తువు లేదు. భిక్షపతి అని పేరు పెట్టిందీ అందుకే. బట్టలు ఆమే ఈ బొగ్గుగని కాలనీలో ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చింది. వాడు రోజుకొక ఇంటి పిల్లవాడిలా కనిపిస్తాడు.

"బొమ్మ కూడా నువ్వే అడిగి తే అత్తమ్మా" అన్నాను.

"బట్టకు నాయినమ్మ నడుస్తది. ఆటవస్తువుకు తల్లే కొంగు వట్టాలె. పిల్లలు సల్లగున్న ఇంట్ల."

ఈ నియమం ఎక్కడిదంటే, ఎప్పటినుంచో ఉందంటుంది. నేను అడిగాకే పుట్టిందని నా అనుమానం.

నేను పోను. ఈ కాలనీ పిల్లలంతా నా దగ్గరే ఎక్కాలు నేర్చుకుంటారు. రేపు వాళ్ల అమ్మల ముందు కొంగు పట్టి నిలబడనా?

21 నవంబరు

మళ్లీ గాజే. తాళంచెవుల గుత్తి చూపిస్తే దానికీ చెయ్యి చాచాడు. అత్తమ్మ లాక్కుంది. "గివి మనయే గద? అడుక్కొచ్చినవా?"

23 నవంబరు

ఆయన నిర్మల్ నుంచి వచ్చారు, అక్కగారింటికి పోయి. సంచిలో చిలుక. పొనికి కర్రతో చేసింది, అరచేతిలో పట్టేంత. ఆకుపచ్చ రంగు, ఎర్ర ముక్కు. ఎంత తేలికో — పట్టుకున్నట్టే ఉండదట. నేను పట్టుకుని చూడలేదు.

బాగుంది. బాగుందని అనలేదు.

అత్తమ్మ గడప దాటనివ్వలేదు. "నీకు ఎన్నిసార్లు జెప్పాలెరా?" ఆయన చిలుకను బయట వరండాలో కిటికీ మీద పెట్టి కాళ్లు కడుక్కున్నారు. రెండోవాడికి కూడా నిర్మల్ నుంచే ఏనుగు తెచ్చారు, వాడింకా బోర్లాపడక ముందే. ఆ ఏనుగు ఏమైందో నేనెప్పుడూ అడగలేదు.

24 నవంబరు

ఆయనకు ఉపాయం తట్టింది. "అవ్వకు కొత్తదనే గదా పరేషాన్? పాతగ జేస్త" అని బూడిద, కొబ్బరిపీచు ముందేసుకుని చిలుకను తోమారు. ఈ ఇంట్లో ఆయన ఒక గిన్నె తోమగా నేను చూడలేదు. అంతా అయ్యాక చిలుక ఇంకా నిగనిగలాడుతోంది.

అత్తమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "రంగు వాసన పోలే. దేవునికి ముక్కు లేదనుకున్నవా?"

చాలా రోజులకు నాకు నవ్వొచ్చింది. వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను.

26 నవంబరు, ఆదివారం

అంగడికి పోయాను, కూరగాయలకు. బొమ్మల దుకాణం దగ్గర ఎందుకు ఆగానో... ఊరికే.

మట్టి ఎద్దులు — నోట్లో పెట్టుకుంటే కరుగుతాయి. రేకు గిలకలు — అంచు చూశాను, వేలు తెగేలా ఉంది. రబ్బరు పాప, నొక్కితే కుయ్యిమంటుంది, వాసన వాంతి తెప్పించేలా ఉంది. ఒక మూల లక్క పూసిన కర్ర గిలక. సన్నటి పిడి, మూడు నెలల పిల్లవాడి పిడికిట్లో ఇముడుతుంది. చప్పుడు మెత్తగా ఉంది. కొనేదాన్నయితే అదే కొనేదాన్ని.

"ఎన్ని నెలల పోరడమ్మా?" అంది అమ్మే ఆవిడ.

"మా పిల్లవాడికి కాదు. చుట్టాల పిల్లకు" అన్నాను.

"చుట్టాలకైతే జర పెద్దది దీస్కో, అందరికి కానొస్తది."

గిలక కింద పెట్టి వచ్చేశాను. అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో. అత్తమ్మ వింటే మెచ్చుకునేది.

28 నవంబరు

చిలుక పక్కింటికి పోయింది. ఆయన రెండో ఉపాయం ఇది. పక్క క్వార్టరులో మల్లక్క, బొగ్గు కొట్టే రామయ్య భార్య. అయిదుగురు పిల్లలు, ఒక్కరికీ ఏ లోటూ లేదు. చిన్నపిల్ల లచ్చికి రెండేళ్లు. చిలుకను లచ్చి చేతిలో పెట్టి వచ్చారు. కొన్నాళ్లు ఆడుకుంటుంది, పాతబడుతుంది, అప్పుడు నేను పోయి అడగాలి. పాత వస్తువు, పిల్లలున్న ఇల్లు, తల్లి కొంగు, అన్నీ అమరినట్టే.

"పక్కింటికి పోవుడు అడుక్కునుడెట్లయితది? నడుమ గోడే గదా" అంటారు.

అత్తమ్మ ఆలోచించింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. జీతం పెరిగిన రోజు కూడా అంత సంతోషం చూడలేదు.

మల్లక్కకు సంగతి చెప్పారా అని అడిగాను. "చెప్తే ఏం బాగుంటది?" అన్నారు.

2 డిసెంబరు

లచ్చి చిలుకను చంకలో పెట్టుకునే తిరుగుతోంది. అన్నం తినేటప్పుడూ, నిద్రలోనూ. ముక్కు అప్పుడే కొరికేసింది. పాతబడడం బాగానే జరుగుతోంది.

వీడు పిడికిలి చూసుకుంటాడు. తిప్పి తిప్పి చూసుకుంటాడు. వాడి ఆటకు ప్రస్తుతం అదే ఉంది.

5 డిసెంబరు

అత్తమ్మ ఆగలేకపోయింది. "నువ్వు వొయ్యే ముందుగాల నేనొక మాట ఏసొస్త" అని మల్లక్క ఇంటికి పోయింది. చిలుక పేరు ఎత్తగానే లచ్చి గుక్కపట్టి ఏడ్చిందట. "ఇచ్చినోళ్లు మల్ల అడుగుతరా?" అని మల్లక్క నవ్వింది. అక్కడితో లేచి రావచ్చు కదా. అత్తమ్మ కూర్చుని మొత్తం చెప్పింది — అది మా వాడికోసం తెచ్చిందని, పాతగా చేసేందుకే వాళ్లింట్లో పెట్టామని.

మల్లక్క ఏమంది అని అడిగాను.

"ఏమనలే. ఊకున్నది."

నాకది నచ్చలేదు. మల్లక్క ఊరుకునే మనిషి కాదు.

8 డిసెంబరు

లచ్చికి జ్వరం. నిన్నటినుంచి.

పొద్దున నల్లా దగ్గర, అందరి ముందు, మల్లక్క నా బిందెను పక్కకు జరిపింది. "మీ పోరని గండాన్ని గా చిలుకల వెట్టి నా బిడ్డకు అంపిన్రా పంతులమ్మా? చదువుకున్నోళ్లు గింత పని జేస్తరా?"

"అది ఉత్త కర్ర మల్లక్కా" అన్నాను.

"ఉత్త కర్రయితే మీ ఇంట్లకెందుకు రానియ్యలే?"

నీళ్లు పట్టకుండానే వచ్చాను. బడిలో రోజంతా భాగహారాలు చెప్పాను. రెండు తప్పు చెప్పాను, మల్లక్క రెండోవాడే లేచి దిద్దాడు.

9 డిసెంబరు

చిలుక మా మెట్టు మీద ఉంది. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో. ముక్కు లేదు, ఒక రెక్క మీద రంగు లేదు. ఇప్పుడది నిజంగానే పాతది.

అత్తమ్మ పట్టుకారుతో తెచ్చి పొయ్యిలో వేసింది. పొనికి కర్ర కదా, ఇలా వేస్తే అలా అంటుకుంది. ఇంటినిండా రంగు కాలిన వాసన. ఆయన చూస్తూ నిలబడ్డారు, "అవ్వా!" అని ఒక్క మాట అన్నారు, తినకుండానే డ్యూటీకి పోయారు.

ఆయనను చూస్తే జాలేసింది. కానీ చిలుక కాలిపోతే నాకు హాయిగా ఉంది. టీచరు ట్రైనింగు చదివినదాన్ని. ఉత్త కర్ర అని నల్లా దగ్గర అన్నదాన్ని.

10 డిసెంబరు

లచ్చిని దవాఖానకు తీసుకుపోయారట. గోడ అవతల చప్పుడే లేదు.

పోయి చూద్దామని రెండుసార్లు వరండాలోకి వచ్చాను. ఏ ముఖంతో పోవాలి.

12 డిసెంబరు

లచ్చి మెట్టు మీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది. చల్లగాలికి వచ్చిన జ్వరమే అన్నారట. నన్ను చూసి రొట్టె దాచుకుంది — అది కూడా తీసుకుపోతాననుకుందేమో.

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. బడికి పోతూ దారంతా కళ్లు తుడుచుకున్నాను. ఎవరైనా చూస్తే బొగ్గు నలుసు పడిందని చెప్పేదాన్ని, ఎవరూ అడగలేదు.

14 డిసెంబరు

అత్తమ్మ ఇవాళ సూటిగానే అడిగింది. "ఎల్లుండి వానికి అయిదో నెల వడ్తది. నువ్వు వోతవా, పోవా?"

పోనన్నాను. బడి, పిల్లలు, పరువు అన్నాను. ఆమె నన్ను అదోలా చూసింది. "పరువు ఎత్తుకుంటవా బిడ్డా సంకన?" అంది.

నాకు పొగరనుకుంటోంది. అనుకోనీ. నిజం వేరు, దాన్ని ఇక్కడ రాస్తాను. కొంగు పట్టడమంటే వీడు నాకు కావాలని నలుగురికీ చెప్పడం. రెండోవాడప్పుడు చెప్పాను. వాడి ప్రతి చేష్టా చూసి మురిసి, వచ్చినవాళ్లకల్లా ఎత్తి చూపించి, వాడు బడికి పోయే రోజుకు ఏ పలక కొనాలో కూడా అనుకున్నాను. ఈసారి ఏమీ అనుకోవడం లేదు. పాలిస్తాను, స్నానం చేయిస్తాను, బట్ట మారుస్తాను. వీడి నెలలు అత్తమ్మే లెక్కపెట్టుకుంటుంది. ఇలా ఉంటే, ఏమైనా అయితే, తట్టుకోవచ్చు.

ఇంతే. ఇందులో దేవుడు లేడు, పరువు లేదు.

16 డిసెంబరు

అయిదో నెల. అత్తమ్మ వాడి అరికాలికి కాటుక చుక్క పెట్టింది. పెట్టి గట్టిగా తుమ్మింది.

వాడు నవ్వాడు. ఊరికే పెదవులు సాగదీయడం కాదు, గొంతుతో, కిలకిలా. అత్తమ్మ మళ్లీ ఉత్తుత్తి తుమ్ము తుమ్మింది, మళ్లీ నవ్వాడు. ఆయన తుమ్మారు. నేనూ తుమ్మాను. నలుగురం చాలాసేపు అదే పని.

తర్వాత నాకు దొరికిపోయినట్టు అనిపించింది.

17 డిసెంబరు, ఆదివారం

పోయాను.

ఎవరికీ చెప్పలేదు. వాణ్ణి ఎత్తుకుని మల్లక్క గుమ్మం ముందు నిలబడ్డాను. చెప్పులు ఎక్కడ విడిచానో గుర్తులేదు. వేరే ఇళ్లు లేవా అంటే ఉన్నాయి. కానీ మాట పడ్డ ఇంటికి పోకుండా ఇంకో ఇంటికి పోతే అది తప్పించుకోవడమే అనిపించింది.

మల్లక్క బియ్యం చెరుగుతోంది. తలెత్తింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

కొంగు చాపాను. ఒక చేత్తో వాణ్ణి పట్టుకుని ఇంకో చేత్తో కొంగు చాపడం కష్టం. జారుతోంది.

"ఏంగావాలె పంతులమ్మా?"

"నీ పిల్లలు ఆడి వదిలేసింది ఏదైనా..."

"ఎవలకు?"

నేను చూపించాను, వీడికి అన్నట్టు.

"నోటితోటి జెప్పు. ఎవలకు?"

"నా కొడుక్కు" అన్నాను. "నా కొడుక్కు మల్లక్కా. వీడు నాకు కావాలె."

చేట కింద పెట్టింది. వీధిలో ఎవరెవరు ఆగి చూశారో నేను తిరిగి చూడలేదు. లోపలికి పోయి చాలాసేపు ఏదో వెతికింది, పెట్టెలు జరిపిన చప్పుడు. కర్ర గిలక ఒకటి తెచ్చి కొంగులో వేసింది. రంగు ఎప్పుడో పోయింది. నల్లబడి నున్నగా అయింది, పిడి నిండా చిన్న చిన్న గాట్లు.

"అయిదుగురివి పండ్లు వడ్డయి దీని మీద" అంది. "మల్ల తెచ్చియ్యకు. నాకిగ పిల్లలొద్దు."

నవ్వబోయి ఏడ్చాను. మల్లక్క వీణ్ణి నా చేతుల్లోంచి తీసుకుంది. "జర ఫికర్ తక్కువ జేస్కో" అంది. లచ్చి మాత్రం గుమ్మం వెనకనుంచి గిలకనే చూస్తోంది. ఆ పిల్లకు మేము దొంగలమే.

18 డిసెంబరు

వాడికి గిలక పట్టుకోవడం వచ్చు. ఊపడం రాదు. ఊపబోయి నుదుటి మీద కొట్టుకుంటాడు, ఆశ్చర్యపోతాడు, మళ్లీ కొట్టుకుంటాడు. లోపల ఒకటో రెండో గింజలు మిగిలినట్టున్నాయి. ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి పలకదు.

రాయవలసినవి చాలా ఉన్నాయి. కింది పెదవి ఎలా ముడుస్తాడో, చెమటకు మెడ దగ్గర ఏ వాసన వస్తుందో. ఈ నాలుగు నెలల్లో ఒక్కటీ రాయలేదు. అత్తమ్మను అడిగితే అన్నీ చెప్తోంది — మొదట ఎటు ఒత్తిగిల్లాడో, ఏ చెయ్యి ముందు చాచాడో. ఆమె అన్నీ చూసింది. నేను పక్కనే ఉన్నాను.

20 డిసెంబరు

ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది.

ఆయన చెయ్యి వేసి చూశారు. "ఏం లే. ఉన్ని అంగి దొడిగినవ్ గద" అన్నారు. కావచ్చు. గని ఫస్టు షిఫ్టు కూత రాగానే పోయారు, వీధి మలుపు దాకా వెనక్కి చూస్తూ పోయారు. అత్తమ్మ ఉప్పు, మిరపకాయలు దిగతుడిచి పొయ్యిలో వేసింది. నేను వద్దనలేదు. ఘాటు వచ్చిందా లేదా అని నేనే ముందు వాసన చూశాను.

అంగి తీసేశాను. ఇంకా వెచ్చగానే ఉంది. లేక నా చెయ్యే చల్లగా ఉందో.

పాలు సగమే తాగాడు.

భయంగా ఉంది. ఇన్నాళ్లూ నాకీ భయం లేదు.

"డాక్టరు వచ్చే యాళ్లయింది, ఇద్దరం వోదాం, తయారుగుండు" అని మల్లక్క గోడ అవతలనుంచి అరిచింది. సరే అన్నాను. సంచిలో రెండు బట్టలు, సీసాలో నీళ్లు పెట్టుకున్నాను.

బడి గంట వినిపించింది. నేను పోలేదు. వాడు కళ్లు సగం మూసి గిలక చప్పరిస్తున్నాడు. చేతిలోంచి జారితే మళ్లీ అందిద్దామని పక్కనే కూర్చున్నాను.