రెండుసార్లు నొక్కితే

డిసెంబరు, 1998. గురువారం రాత్రి, అమలాపురం హాస్టల్.

ఈ రోజు రాజోలు కాలేజీ వాళ్ళ మీద కబడ్డీ ఓడిపోయాం. నా వల్లే.

ముక్తేశ్వరం ఇసుకలో చెడుగుడు నేర్చుకున్ననాటి నుంచీ ఆటలో నా ఎడమ చెయ్యి సూరిబాబు కుడి చేతిలోనే ఉండేది. కొబ్బరికాయలు ఒలిచి ఒలిచి గరుకెక్కిన చెయ్యి. నేను రెండుసార్లు నొక్కితే ఇద్దరం ఒక్కసారే దూకేవాళ్ళం. వాడు మడమ పట్టేవాడు, నేను నడుము. నోటితో చెబితే కూతకొచ్చినవాడు వినేస్తాడు కదా. పోయిన నెల వాడు మస్కట్ వెళ్ళిపోయాడు.

వాడి చోట ఇప్పుడు జూనియర్ రమేష్. ఆఖరి కూతలో అలవాటు కొద్దీ రెండుసార్లు నొక్కాను. రమేష్ దూకలేదు సరికదా, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. విదిలించుకుని ఒక్కడినే దూకాను. కూతకొచ్చినవాడు నన్ను గీత దాకా ఈడ్చుకుపోయాడు.

"ఒక్కడివే దూకేసేవేంట్రా? ఇలాగైతే యూనివర్సిటీ టీముకి నీ పేరెలా పంపను?" అన్నారు ఆటల మేష్టారు.

తిరుగు బస్సులో రమేష్ నా పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు. "మీరు చెయ్యి నొక్కితే భయపడుతున్నారేమో అనుకున్నానండి. అందుకే వదల్లేదండి."

నెల్లాళ్ళుగా పక్కనే ఆడుతున్నాడు. ఆ గుర్తు వాడికి ఎందుకు చెప్పలేదని మేష్టారు అడగలేదు, నయం. రేపు ప్రాక్టీసులో చెప్పాలి. చెప్పేస్తే సూరిబాబు నిజంగానే వెళ్ళిపోయినట్టు...