శిరీషకి నిద్ర లేదు

బుధవారం, రాత్రి

శిరీష గదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. నా పిల్ల కంటి నిండా నిద్రపోయి పది రోజులైంది.

కానిస్టేబుల్ సెలక్షన్‌లో పరుగు, లాంగ్ జంప్ ఈవెంట్స్‌కి ఇంక మూడు వారాలే ఉంది. పోయినసారి లాంగ్ జంప్‌లో జానెడు తక్కువైంది. అందుకే ఈసారి సాయంత్రాలు జిమ్‌లో బరువులు ఎత్తుతోంది. ఎత్తే ముందు తాగమని అక్కడెవరో చెప్పిన పౌడరును నరసరావుపేట బజారులో నేనే కొనిచ్చాను. బలానికే కదా అనుకున్నాను.

ఇవాళ జిమ్ నుంచి వచ్చి, నా చేయి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది. గుండె దడదడలాడుతోంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఈసీజీ తీయించి, శిరీష సంచిలోని పౌడరు డబ్బా మీద అక్షరాలు చదివారు.

"ఇది నాలుగైదు కాఫీలు ఒక్కసారే తాగినట్టమ్మా. ఇంక నిద్రెట్లా పడుద్ది? నిద్ర లేకుండా ఎంత బరువెత్తినా ఒంటికి బలం రాదు. ఆపెయ్" అన్నారు. శిరీష తలూపింది.

ఇంటికొచ్చాక డబ్బా అడిగాను. గొడవ పడకుండా ఇచ్చేసింది.

"దాచుకో అమ్మా. అది తాగకపోతే నాకు కాళ్లు లేవట్లా. ఈసారీ పోతే వయసు దాటిపోద్ది. అప్పుడు ఏం చేద్దామో నువ్వే చెప్పు."

"పాలు తాగి పడుకోవే" అని మాత్రం అన్నాను.

పారబోద్దామని రెండుసార్లు లేచాను, చేతులు రాలేదు. రేపు సాయంత్రం వచ్చి ఒక్క చెంచా ఇవ్వమని అడిగితే, ఇవ్వనని అనగలనో లేదో...