ఉండారా, లేరా?

మదనపల్లె,
జూన్ 4

ప్రియమైన బర్నబాస్ సార్‌కి,

మీ ఉత్తరం అందింది. పోస్ట్‌మ్యాన్ నా పేరు పిలిస్తే పక్క గదుల వాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు. ఇరవై మూడేళ్ళలో నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం ఇదే సార్.

గెలిచినవాళ్ళకి ఓడినవాళ్ళు చేత్తో ఉత్తరం రాయాలని మన ఫోను గ్రూపులో అశ్విని అక్క రూలు పెట్టినప్పుడు నవ్వుకున్నాను. పదకొండు మందిమి, ఒకరి ముఖం ఒకరం చూసింది లేదు. ఆదివారం సాయంత్రం ఒకరు ఒక గొప్ప మనిషిని మనసులో పెట్టుకుంటారు. మిగిలినవాళ్ళం అడుగుతాం. బతికి ఉన్నారా లేరా అన్న మొదటి ప్రశ్న పక్కన పెడితే, అవును, కాదు తప్ప ఇంకో జవాబు ఉండదు. వారం మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడేది ఆ గంటే. మిగతా రోజులు టమాటా మండీలో గ్రేడింగు. పెద్ద కాయలు ఒక పక్క, చిన్నవి ఒక పక్క, పగిలినవి ఒక పక్క. మండీలో అరుపులకేం తక్కువ లేదు, అవి నాతో కాదు, అంతే.

చదువుకున్నవాళ్ళంతా బిరుదులు, అవార్డులు అడుగుతుంటే నేను "తలపాగా ఉండాదా?" అని అడిగాను కదా. మీరు మనసులో పెట్టుకున్న ఆ ఆనకట్టల ఇంజినీరు బొమ్మ మా బడి గోడ మీద ఉండేది. తొమ్మిదో క్లాసులో మానేసేదాకా దాని కిందే కూర్చున్నాను. లెక్కలు రాలేదు గానీ తలపాగా మనసులో ఉండిపోయింది.

ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగారు. అమ్మ పుంగనూరులో ఉంటుంది. నాన్న లేడు.

ఇంకోసారి రాస్తారా సార్? నేను గెలవకపోయినా?

మీ
మునికుమార్


కుప్పం,
జూన్ 11

ప్రియమైన మునికుమార్‌కు,

"నాన్న లేడు" అన్న చోట చాలాసేపు ఆగిపోయాను నాయనా. మిషను ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు మందులు ఇచ్చినవాణ్ణి. ఆ మాట చెప్పేటప్పుడు మనుషుల గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీవు దాన్ని ఎంత పొడిగా రాశావో చూస్తే ఇంకా బాధ కలిగింది. ఆదివారం ఆరాధనలో నీకూ మీ అమ్మగారికీ ఆదరణ కలగాలని ప్రార్థన చేయించాను. సంఘమంతా నీ పేరు పలికింది.

నా భార్య జయశీల ప్రభువులో నిద్రించి రెండేళ్ళయింది. ఒక మనిషికి సరిపడా కూర వండటం ఇంకా చేతకావడం లేదు. అందుకే ఈ వయసులో ఫోను పట్టుకుని మీలాంటి పిల్లలతో ఆటలు.

ఉత్తరం కోసం గెలవనక్కర లేదు. రాస్తూ ఉండు.

ప్రేమతో,
బర్నబాస్


పుంగనూరు,
జూన్ 25

ప్రియమైన సార్‌కి,

మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను. ఎందుకో ఆదివారం గ్రూపులో మీకే తెలిసిపోయి ఉంటుంది.

నా వంతు వచ్చింది. ఎప్పటిలాగే మొదటి ప్రశ్న మీరే వేశారు: "ఉండారా, లేరా?" ఉండారు అన్నాను. సినిమాలా? కాదు. రాజకీయమా? కాదు. చేతిపనితో పేరు తెచ్చుకున్నారా? అవును. గంట తిప్పలుపడి, ఓడిపోయాం, పేరు చెప్పమన్నారు. "గురుమూర్తి. టైలరు" అని పెట్టాను.

"యారప్పా ఆయప్ప?" అన్నాడు గంగాధరం.

"మా నాన్న."

"ఎగతాళిగా ఉండాదా నీకు? గొప్పోళ్ళనే పెట్టుకోవాలని రూలుండాది కదా!" అని అశ్విని అక్క నన్ను గ్రూపులోంచి తీసేసింది.

నేను రాసింది ఆయన ఇంట్లో లేడని సార్. మీరు చనిపోయాడనుకున్నారు. దిద్దుదామని కాగితం తీశాను. కానీ అంతమంది కూర్చుని నా పేరు పలికారని చదివాక చెయ్యి ఆడలేదు. అబద్ధం నేను చెప్పలేదు, వచ్చిన నిజాన్ని ఆపేశాను. తప్పు తప్పే.

నేను తొమ్మిదో క్లాసులో ఉండగా నాన్న అమ్మతో గొడవపడి, కుట్టుమిషను ఆటోలో ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు మీ కుప్పంలోనే, రైల్వే స్టేషను పక్క సందులో కొట్టు పెట్టుకున్నాడని నాకు ముందే తెలుసు. గ్రూపులో మీ పేరు పక్కన కుప్పం అని చూసే మీతో మాట కలిపాను. అది కూడా చెప్పేస్తున్నాను.

ఈ ఆదివారం వెళ్తున్నాను. అమ్మకి చెప్పలేదు. ఆయన రావాలనీ లేదు, తిట్టాలనీ లేదు. ఆయన మనసులో నేనింకా ఉన్నానా లేదా, అదొక్కటి తెలిస్తే చాలు.

మీ ఇంటికి రావడానికి ముఖం లేదు.

మునికుమార్


మదనపల్లె,
జూలై 2

ప్రియమైన సార్‌కి,

వెళ్ళొచ్చాను.

నీలిగీతల చొక్కా గుడ్డ ఒకటి కొనుక్కుని పోయాను. ఊరికే పోయి నిలబడలేను కదా. ఆయన తల నెరిసింది. అద్దాలు వచ్చాయి. నాకేమో గడ్డం వచ్చింది. "రా అప్పా, ఏం కుట్టాల?" అన్నాడు.

"చొక్కా."

టేపు తీసుకుని వెనక్కి వచ్చాడు. భుజం మీద చెయ్యి పెట్టాడు. మెడ చుట్టూ, ఛాతీ చుట్టూ, చెయ్యి పొడుగు. తొమ్మిదేళ్ళ తర్వాత నన్ను ముట్టుకున్నది కొలతకు సార్. నేను కదలకుండా నిలబడితే, "కొంచెం వదులుగా నిలబడప్పా, మేమేం కరస్తామా?" అని నవ్వాడు.

"పేరేం రాసుకోమంటావు?"

అబద్ధం చెప్దామనుకున్నాను. నోట్లోంచి నిజమే వచ్చింది. "మునికుమార్."

పెన్సిలు ఆగింది.

"మావాని పేరు గూడా అదే అప్పా. మదనపల్లెలో ఇంజినీరింగు సదువుతాండాడు." తల ఎత్తకుండానే అన్నాడు. "నువ్వేం జేస్తాండావు?"

"మండీలో. టమాటా గ్రేడింగు."

"మంచిదే. వచ్చే ఆదివారం రా, అయిపోయుంటాది."

చీటీ చింపి ఇచ్చాడు. అంతే.

నాకు కావాల్సిన జవాబు దొరికింది సార్. ఆయన మనసులో కొడుకు ఉన్నాడు. బాగా చదువుకుంటున్నాడు. వానికి నా పేరే, నేను మాత్రం కాదు. ఇప్పుడు పోయి నేనే వాణ్ణని చెబితే ఉన్న ఆ కొడుకు కూడా పోతాడు ఆయనకి.

తిరిగొచ్చేటప్పుడు మీ ఇంటి సందు మొదటిదాకా వచ్చాను. మీ కిటికీ తెరిచి ఉంది. వెనక్కి తిరిగి బస్సెక్కాను.

చీటీ ఇందులో పెట్టాను. చొక్కా మీరు తెచ్చుకోండి సార్. ఎవరికైనా ఇచ్చేయండి.

మునికుమార్


కుప్పం,
జూలై 8

ప్రియమైన మునికుమార్‌కు,

నా కిటికీ తెరిచి ఉండటం చూసి వెనుదిరిగావు కదా, అందుకు మాత్రమే నీ మీద కోపం. మిగతాదానికి లేదు.

నిన్న చీటీ పట్టుకుని వెళ్ళాను. చొక్కా ఎదురుగానే తీగకు వేలాడుతోంది. నీలిగీతలు. ఇస్త్రీ అయింది, గుండీలన్నీ ఉన్నాయి, జేబుకు నీ పేరున్న కాగితం గుచ్చి ఉంది. మీ నాన్న చీటీ చూశాడు, నన్ను చూశాడు.

"ఇదింకా కుట్టల్యా సార్" అన్నాడు.

"అదిగో, అదే కదండీ?"

"అది కాదు సార్."

అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఏం చేయాలో తోచక, "ఇంజినీరింగు చదివే అబ్బాయి ఉన్నాడట మీకు?" అన్నాను.

ఆయన మిషను తొక్కడం ఆపేశాడు.

"యాడ ఇంజినీరింగు సార్. అడిగినోళ్ళకంతా అట్లా చెప్పుకుంటాండా. మావాడు టమాటా మండీలో పని జేస్తాడు. బడి మానేసినాడు, నా వల్లనే." అద్దాలు తీసి తన చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "భుజం మీద చెయ్యి పెట్టంగానే తెలిసిపోయింది సార్ నాకు. ఏం ముఖం పెట్టుకోని పిలిచేది? మీకు తెలిసినోడైతే చెప్పండి. ఈ చొక్కా ఎవురికీ ఇచ్చేది లే. వానినే వచ్చి తీసుకోమనండి. ఆదివారం అని లే, ఎప్పుడైనా సరే, కొట్టు తీసే ఉంటాది."

చీటీ నీకే తిప్పి పంపుతున్నాను. బస్టాండుకు నేను వచ్చి నిలబడతాను, ఏ బస్సుకో రాయి.

నీ రాక కోసం చూసే
బర్నబాస్