తుంపర యంత్రం పక్క కుర్చీ

పళ్ళ డాక్టరమ్మ గారికి,

నమస్కారం. నేను రిటైరైన ఫైరాఫీసర్ని. కిందటి మంగళవారం పన్ను నొప్పితో మీ దగ్గరికి వచ్చి, వంతు రాకముందే వెళ్ళిపోయిన మనిషిని. ఎందుకు వెళ్ళిపోయానో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. ఫోనులో చెప్పుకునే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

మీ వెయిటింగు గదిలో స్తంభం వెనక, మొక్కలున్న మూతలేని గాజుపెట్టె పక్కనున్న మెత్తటి కుర్చీలో కూర్చున్నాను. నొప్పిమాత్ర మత్తుకి రెండు గంటలు నిద్ర పట్టేసింది. మెలకువ వచ్చేసరికి జరగరానిది జరిగిపోయింది. ఏం జరిగిందో కాగితం మీద పెట్టలేను. మూడంతస్తుల మంటల్లోంచి మనుషుల్ని భుజాన వేసుకొచ్చినవాణ్ణి, మీ పళ్ళు తొలిచే మిషను చప్పుడుకే నాకా గతి పట్టింది. మీకు కలిగించిన నష్టానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఈ సంగతి మన మధ్యే ఉంచండి.

ఇట్లు,
తలెత్తుకోలేని పేషెంటు

తా.క. అడ్డం పెట్టుకుని వెళ్ళిన వార్తాపత్రిక మీదే. తిరిగి ఇవ్వడం మర్యాద కాదనిపించింది.

---

ఆఫీసరు గారికి,

నమస్కారాలు. వారం రోజులుగా నా మొక్కలు ఎందుకు వాడిపోతున్నాయో మీ ఉత్తరం చూశాక తెలిసింది. అవి పురుగుల్ని పట్టి తినే మొక్కలండీ. గాలిలో చెమ్మ తగ్గితే బతకవు. అందుకే గంటకోసారి దానంతటదే సన్నటి తుంపర చల్లే యంత్రం కూడా పెట్టాను. అయినా ఆకుల మీద జిగురు చుక్కలుండే మొక్క ఎండిపోయింది. నోళ్ళు తెరిచి ఉండే మొక్క అన్ని నోళ్ళూ మూసేసుకుంది. నీళ్ళ దోషమా, మట్టి దోషమా అని తల బద్దలు కొట్టుకున్నాను గానీ, నిద్రమత్తులో మీరు చేసిన పని అని ఊహించలేదు.

అయినా సిగ్గుపడకండి. అవి అలా నోరు తెరుచుకుని ఉంటే ఎవరికి మాత్రం మనసు ఆగుతుంది. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళలో సగం మంది చేసే పనే. మా రిసెప్షన్ అమ్మాయి నేను చూడనప్పుడు చేస్తుంది. మా అత్తగారైతే నా ఎదురుగానే చేస్తారు. కాకపోతే ఒక్కో నోరు నాలుగైదుసార్లకు మించి తట్టుకోలేదు.

పన్ను అశ్రద్ధ చెయ్యకుండా రండి.

ఇట్లు,
పళ్ళ డాక్టరు

తా.క. మళ్ళీ ఆగకపోతే నన్ను పిలవండి, దగ్గరుండి చేయిస్తాను. మా అత్తగారు అగ్గిపుల్లతో చేస్తారు. మొక్కకు అది కొంత నయం.

---

డాక్టరమ్మ గారికి,

మీ ఉత్తరం చదివి, చించేసి, మళ్ళీ అతికించి చదివాను. మీ అత్తగారి విషయం నా ప్రాణం పోయినా బయటికి రాదు. అగ్గిపుల్ల సంగతి అర్థం కాలేదు. అర్థం చేసుకునే ప్రయత్నం కూడా మానుకున్నాను.

నన్ను తినేస్తున్నది మొక్కల సంగతి. ఆ పెట్టె నా భుజమంత ఎత్తున ఉంది. నేనేమో కూర్చున్నవాణ్ణి, అదీ నిద్రలో. ఎంత ఒత్తిడికి నీళ్ళు ఎంత ఎత్తు లేస్తాయో ముప్పై ఏళ్ళు కొత్తవాళ్ళకు పాఠం చెప్పాను. ఎన్ని లెక్కలు కట్టినా అది నా వయసులో అయ్యే పని కాదు. కానీ చదువుకున్నవారు, మీరే నా పని అంటుంటే కాదనేందుకు నా దగ్గర సాక్ష్యం లేదు.

ఇక దాపరికం దేనికి. ఆ రోజు లేచేసరికి నా ప్యాంటు ముందూ వెనకా తడిసిపోయి ఉందమ్మా. అప్పట్నుంచి మధ్యాహ్నం దాటితే మంచినీళ్ళు ముట్టడం లేదు. ఇంట్లో చెక్కబల్ల మీదే కూర్చుంటున్నాను. తిన్న కంచం తియ్యని మనిషి గుట్టుగా ప్యాంటు ఉతుక్కున్నాడేమిటని మా ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు. ఫైర్ స్టేషనులో కొత్తగా చేరినవాళ్ళకు ధైర్యం గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే, జ్వరమని అబద్ధమాడాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

పన్ను అలాగే ఉంది. ఎడమవైపు నమలడం మానేశాను.

ఇట్లు,
మీ మొక్కల ఉసురు పోసుకున్నవాడు

తా.క. దగ్గరుండి చేయిస్తానన్నారు. మీ మంచి మనసుకు దండం. వద్దు.

---

బాబాయి గారికి,

ఇంత జరిగాక ఆఫీసరు గారూ అని రాయలేను. నా ఉత్తరం మీరెలా చదివారో తలుచుకుంటే భూమి చీలి లోపలికి పోవాలనిపిస్తోంది. నేను రాసింది మొక్క నోట్లో వేలు పెట్టడం గురించి. మీరు దాన్ని కెలికారనుకున్నాను. మా అత్తగారు అగ్గిపుల్లతో చేసేదీ ఆ కెలకడమే. దయచేసి ఆవిడ గురించి మీరనుకున్నదంతా మర్చిపోండి.

మీ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. చూడ్డానికి పొడిగానే ఉంది. లేచి చూసుకుంటే నా తెల్లకోటు వెనకంతా తడి. కుర్చీ దిండు నొక్కితే నీళ్ళు కారాయి. అంతలో యంత్రం బుస్సుమంది. తుంపరంతా వచ్చి నా ఒళ్ళో పడింది. గొట్టం మూతి మొక్కల వైపు కాక కుర్చీ వైపు తిరిగి ఉంది. మొక్కలు తాగాల్సిన నీళ్ళన్నీ మూడు వారాలుగా ఆ కుర్చీ తాగింది. మీకే జబ్బూ లేదు బాబాయి గారూ. భయమూ లేదు.

నా సిగ్గు కూడా చెప్పేస్తాను. ఈ మూడు వారాల్లో బ్యాంకు మేనేజరు గారు, బజారు దర్జీ, సంగీతం టీచరు గారు మీలాగే వంతు రాకముందే మాయమయ్యారు. నా చెయ్యి మంచిది కాదన్న మాట ఊళ్ళో పాకిందనుకున్నాను. బోర్డు దించేసి ఇంకో డాక్టరు కింద పనికి చేరతానని మా ఆయనతో అన్నాను కూడా. వాళ్ళకి ఏమని చెప్పాలో తోచడం లేదు.

ఇట్లు,
మీ డాక్టరమ్మ

తా.క. గొట్టం తిప్పింది నువ్వేనని రిసెప్షన్ అమ్మాయిని చెడామడా తిట్టాను. తను కానే కాదని ఏడ్చింది. నేను నమ్మలేదు.

---

అమ్మాయీ,

ముందు ఆ పిల్ల కళ్ళు తుడువు. గొట్టం తిప్పింది నేను.

ఆ రోజు కూర్చోగానే సన్నటి నల్లగొట్టం ఒకటి వంగి మొక్కల నెత్తిన పడుతున్నట్టు కనిపించింది. వంకరగా ఉన్న గొట్టం కంటపడితే నా చెయ్యి ఊరుకోదు. అదేమిటని ఎవర్నీ అడగకుండానే ఇవతలికి వంచి, క్లిప్పు బిగించి, ఇంకెవరికీ ఇంత శుభ్రంగా చేతకాదనుకుని నిద్రపోయాను. మనిషి వైపు గొట్టం తిప్పకూడదన్నది మాకు మొదటి రోజు నేర్పే పాఠం. నా మీద నేనే నీళ్ళు కొట్టుకుని, చుట్టుపక్కలవాళ్ళను కూడా ముంచాను.

ఇన్నాళ్ళూ చెయ్యని పనికి సిగ్గుపడ్డాను. ఇప్పుడు చేసిన పనికి సిగ్గుపడాలి. వాళ్ళకి నువ్వు చెప్పనక్కర్లేదు, తప్పు నాది. నిన్న పొద్దున మేనేజరు గారింటికి వెళ్ళాను. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. గుమ్మంలోనే చెప్పేశాను, "అయ్యా, ఆ రోజు తడి మీది కాదు, నేను తిప్పిన గొట్టంది" అని. ఆయన మొహం మీదే తలుపేశారు. తిట్టించుకోకుండా వెళ్ళడం న్యాయం కాదని మెట్ల మీద నిలబడ్డాను. కాసేపటికి తలుపు తెరిచి, "లోపలికొచ్చి ఇంకోసారి చెప్పండి. కాస్త గట్టిగా చెప్పండి, మా ఆవిడ వంటింట్లో ఉంది" అన్నారు. చెప్పాను.

దర్జీ కుట్టుమిషను ఆపి అంతా విన్నాడు. "అయితే నాకు షుగరు లేదన్నమాట" అన్నాడు. వచ్చేటప్పుడు వీధి చివరిదాకా సాగనంపాడు.

రేపు పదింటికి పన్ను చూపించుకోవడానికి వస్తున్నాను.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. సంగీతం టీచరు గారికి కూడా నా ప్యాంటుతో సహా అంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ ఓపిగ్గా విని, "నేనసలు ఆ కుర్చీలో కూర్చోలేదండీ. లోపల మిషను చప్పుడుకి భయపడి వచ్చేశాను" అంది. అప్పుడు ఆవిడ దగ్గర పాట నేర్చుకునేవాళ్ళు పదకొండు మంది వరసగా చాప మీద కూర్చుని ఉన్నారు.