కోడలే పెట్టింది

నరసరావుపేట

చెల్లి ఫరాకు సలాం.

ఫోన్‌లో మాట్లాడితే మా అత్త పక్కనే కూర్చుని వింటుంది. ఆమెకు చదవడం రాదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా ఇంట్లో ఇప్పుడు ఇటలీ డిటెక్టివ్ సీరియల్ నడుస్తోంది. మాటలు వాళ్ల భాషలో ఉంటాయి, కింద తెలుగులో అక్షరాలు పడతాయి. మామ చూస్తూనే గురక పెడతాడు. మరిది సమీర్ "ఒక్క ఫైటన్నా లేదు, ఏందిది?" అని లేచిపోతాడు. అత్తకు మాత్రం అదంటే ప్రాణం. "ఏమే, చదువు" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటుంది. నా ఇంటర్ హాల్‌టికెట్టు పొయ్యిలో పెట్టి, "చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే?" అన్నది ఈవిడే.

సీరియల్లో ముసలమ్మకు కాఫీలో విషం కలిపింది కన్నకొడుకు. నేను మాత్రం కోడలు కలిపిందని చదివాను. "నాకు చానా ముందే తెలుసు" అంది అత్త. కానీ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

బక్రీదుకు నువ్వొస్తే, ఆ విషం ఎవరు కలిపారో చదివి చెప్పమని తప్పకుండా అడుగుతుంది. కోడలే అని చెప్పు.

ఇప్పుడు నేను టీ ఇస్తే, "ముందు నువ్వు తాగవే" అంటోంది.

"రోజా ఉన్నానత్తా" అని ఉపవాసం పేరు చెప్పి నవ్వుతున్నాను.

నీ అక్క